సాహుకారు నమిలిన ఆకు

ఆ ఉదయం సేతుమాధవరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే సాహుకారు, స్కూలు కమిటీ ప్రెసిడెంటు అయిన మల్లికార్జునయ్య ఇంటికి వెళ్ళాలి. సాయంత్రం మీటింగులో తన మాస్టరు ఉద్యోగం ఖాయం చేయమని అడిగి వచ్చేయాలి. ఖాయం కాకపోతే ఎమ్మిగనూరులో మామగారి పంచన చేరాలి. ఆ తలపుకే ఆయనకు ముద్ద దిగేది కాదు.

సాహుకారు అరుగు మీద, బెంగళూరు నుంచి తెచ్చిన కుండీ ఒకటి ఉంది. లక్క పూసిన తమలపాకులాంటి ఎర్రటి పువ్వు, మధ్యలో పసుపుపచ్చని వత్తి.

"అయ్యవారూ, దీని పేరేంది?"

"ఆంథూరియం అంటారు సావుకారూ." నిజమే చెప్పాడు, పాపం.

"అది దొరల పేరు. మన శాస్త్రాల్లో ఏమంటారప్పా? తెల్దా? ఇంక పిల్లోళ్ళకేం సెప్తాండారు మీరు?"

ఉద్యోగం కళ్ళముందే జారిపోతోంది. "రక్తపర్ణి," అన్నాడు. నోటికొచ్చింది, అంతే.

"భలే! దేనికి పనికొస్తాది?"

ఒక్క అబద్ధంతో ఆగి ఉంటే బతికిపోయేవాడు. ఆగితే సేతుమాధవరావు ఎందుకవుతాడు? పత్తి బేరాల్లో అరిచి అరిచి సాహుకారు గొంతు బొంగురుపోయి ఉంది. "గొంతుకు అమృతం," అనేశాడు.

మధ్యాహ్నం కమిటీ మెంబరు దేవేంద్రప్ప ఆయాసపడుతూ బడికి వచ్చాడు. "అయ్యవారూ, సావుకారు ఏందో ఆకు నమిలినాడంట! నాలుక వాచి నోట్లో పట్టల్యా. మాటే రాల్యా!"

"ప్రాణానికేం భయం లేదు కదా?"

"పానానికేం కాదన్నాడు డాక్టరు. కోపం మాత్రం శానా ఉంది. ఎవురి మీదో తెల్దు."

ఎవరి మీదో సేతుమాధవరావుకు తెలుసు. ఉద్యోగం పోయింది, పరువూ పోయింది. ఇక ఎమ్మిగనూరు బస్సెక్కడమే మిగిలింది.

సాయంత్రం సాహుకారు మూతికి తువ్వాలు కట్టుకుని మీటింగుకు వచ్చాడు. సేతుమాధవరావు పేరు చదవగానే దిగ్గున లేచాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. మాస్టరు వైపు వేలు చూపించి, బల్ల గుద్ది, మాట రాక గర్జించాడు. సేతుమాధవరావు కళ్ళు మూసుకున్నాడు.

"సూసినారా?" అన్నాడు దేవేంద్రప్ప, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "పానం బాగల్యాకున్నా అయ్యవారి కోసం లేచొచ్చినాడు. ఇంక మనం అడ్డం సెప్పేదేముంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. సాహుకారు ఇంకా గట్టిగా బల్ల గుద్దాడు. వాళ్ళూ ఇంకా గట్టిగా కొట్టారు.

ఉద్యోగం ఖాయమైంది. పొద్దునకల్లా సాహుకారు ఎప్పటిలా మాట్లాడతాడని డాక్టరు అందరికీ ధైర్యం చెప్పాడు.