పేర్లు కొట్టించిన గిన్నె

ఇందుప్రియ వాళ్ళ వంటింటి కిటికీని యుద్ధంలోంచి తీసి వీధివైపు తెరుచుకునేలా మార్చడానికి అనుమతి మంజూరైందని ఉదయం ఎనిమిదీ పదికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. అప్పుడామె పొయ్యి మీద పాలు పెట్టి, ఆ సెగకి అరచేతులు కాచుకుంటోంది. మెసేజ్ చదివి ఒక్క గంతు వేసింది. ఈలోగా పాలు పొంగాయి. పొంగితే శుభమే కదా అని పొయ్యి కట్టేసి, మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

పెళ్ళై నలభై రోజులైన త్రినాథ్ మంకీ క్యాప్‌తో సహా దుప్పట్లో ఉన్నాడు.

"లేవండీ! మన కిటికీ వీధిలోకి వచ్చేస్తోంది! రేపు పదింటికి ఆఫీసరొచ్చి మారుస్తాడట. ఇంక కూరగాయల బండి కనిపిస్తుంది. సాయంత్రం మీరు మలుపు తిరగడం కూడా కనిపిస్తుంది."

"నేను మలుపు తిరగడం చూసి ఏం చేస్తావు?"

"తలుపు గడియ పెట్టుకోడానికి టైముంటుంది."

ఎక్కడో ఆరు దేశాల అవతల జరిగే యుద్ధాన్ని అక్కడివాళ్ళే చూస్తూ కూర్చోవడం న్యాయం కాదని కిటికీల శాఖ నిర్ణయించి, దాన్ని అన్ని ఊళ్ళకూ పంచింది. అంతస్తుకొక కిటికీ చొప్పున యుద్ధంలోకి తెరుచుకోవాలి. పై అంతస్తు వాళ్ళకి స్నానాలగది కిటికీ వచ్చింది. వాళ్ళు పాత క్యాలెండర్ అంటించేసి ఊరుకున్నారు. వీళ్ళకి వంటింటిది వచ్చింది. పొగ పోవాలి కాబట్టి మూయడానికి లేదు. ఇక్కడి తాలింపు పొగ అటు వెళ్ళేది, అక్కడి పొగ ఇటు వచ్చేది. రెండూ కలిసిన రోజున త్రినాథ్ నాలుగు తుమ్ములు తుమ్మి, "ఇవాళ ఎండుమిరపకాయలు ఎక్కువేశావ్" అనేవాడు.

కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇంకో వంటింటి కిటికీ ఉంది. అందులో ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడ ఇంటిపైన రెండంతస్తులు ఇప్పుడు లేవు గానీ, వంటింటికి అద్దం పగలడం తప్ప వేరే నష్టం లేదు. కాపురానికి వచ్చిన రోజు ఇందుప్రియ వాటావాళ్ళందరికీ సారె పంచుతూ, ఆవిడ మాత్రం పక్కింటావిడ కాదా అని, స్టీలు గిన్నెలో నాలుగు కాజాలు పెట్టి ఇచ్చింది. ఆ గిన్నె ఇంకా తిరిగి రాలేదు.

"ఇందూ, కింద చిన్న అక్షరాలు చదివావా?" అన్నాడు త్రినాథ్, ఫోన్ ముక్కుకి ఆనించుకుని. "'దరఖాస్తుదారుకు కిటికీ అవతలి వారితో పరిచయం ఉందా, లేదా? ఉంటే అనుమతి రద్దు.'"

పరిచయమున్న కిటికీని తీసేస్తే ఆ పరిచయం ఎటు పోవాలో చట్టంలో రాయలేదు. అందుకని శాఖ ఈ జాగ్రత్త తీసుకుంది.

"లేదని నొక్కేశాను," అంది ఇందుప్రియ.

"నొక్కావు సరే. మరి అదీ?"

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి చూశారు. ఎదుటి కిటికీ గట్టు మీద గిన్నె తళతళలాడుతోంది. దాని అంచున 'ఇందుప్రియ – త్రినాథ్' అని పెదమామయ్య కొట్టించిన పేర్లు సరిగ్గా ఇటువైపే తిరిగి ఉన్నాయి.

"ఆఫీసరుకి తెలుగు రాకపోవచ్చు," అంది ఇందుప్రియ.

"మెసేజ్ తెలుగులోనే పెట్టాడు."

గిన్నె తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. కానీ ఎదుటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది ఆవిడ దేశంలో కూడా రివాజే. అందులో పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని నలభై రోజులుగా ఆవిడ చూస్తోంది. అడిగినప్పుడల్లా గిన్నె బోర్లించి చూపించి, లెంపలు వేసుకుని, మళ్ళీ గట్టు మీద పెట్టేస్తుంది.

ఇందుప్రియ కిటికీలోంచి సగం బయటికి వంగింది. అటు మంచు పడుతోంది.

"పిన్నిగారూ! ఖాళీదే ఇచ్చెయ్యండి. మా అత్తగారికి చెప్పనులెండి!"

ఆవిడ తన భాషలో చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క తెలియకపోయినా ఇందుప్రియకి అంతా అర్థమైంది. వాళ్ళమ్మ తిట్టేది కూడా అదే రాగంలో.

"ఏమంటుంది?" అన్నాడు త్రినాథ్.

"నాకు పెంపకం లేదంటోంది."

మధ్యాహ్నం ఇంకోసారి అడిగింది. ఆవిడ కొంచెం ఆగమన్నట్టు చెయ్యి చూపించి, సైరన్ మోగితే కిందికి వెళ్ళిపోయింది. ఇందుప్రియ ఉతికిన స్వెట్టర్లు ఆరేసింది, కొత్త కిటికీకి పసుపు పరదానా, గళ్ళదా అని త్రినాథ్‌తో పోట్లాడి పసుపుదే నెగ్గించుకుంది. కానీ గంటకోసారి వెళ్ళి గట్టు చూస్తూనే ఉంది.

నాలుగింటికి గరిటెతో టకటకమని చప్పుడైంది. ఆవిడ పైకి వచ్చింది. భుజాల మీద సున్నం రాలి ఉంది. ముఖం మాత్రం పేరంటానికి వచ్చినట్టు వెలిగిపోతోంది. గిన్నెని రెండు చేతులతో ఇటు చాపింది.

గిన్నె నిండా మంచు!

ఇందుప్రియ పుట్టాక మంచు ముట్టుకోవడం అదే మొదలు. ఒక పిడికెడు తీసి త్రినాథ్ మెడ వెనకాల, బనీనులోకి జార్చింది. అతను వేసిన కేకకి అవతల పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరవాత, అడుగున చూడు అన్నట్టు వేలితో పొడిచి చూపించింది.

మంచు కింద ఉడకబెట్టిన బంగాళాదుంప ఒకటుంది. ఇంకా వేడిగానే ఉంది. ఆవిడ రెండు వేళ్ళు చూపించి, ఒకటి మడిచి, మిగిలిన దాంతో తన గుండె తట్టుకుంది. రెండు దొరికాయి, నాకొకటి చాలు.

ఇందుప్రియ గిన్నె ఇటు లాక్కుని దుంపని పైకి తీసింది. చేతిలో మంచు నీళ్ళై మోచేతి దాకా కారింది. తరవాత దుంపని పళ్ళెంలో పెట్టి, గిన్నె కడిగి, పేర్లు గోడవైపు తిప్పి బోర్లించింది.

"ఒక్క దుంపతో ఎన్ని బోండాలవుతాయి?" అన్నాడు త్రినాథ్, మెడ తుడుచుకుంటూ.

"చిన్నవి చేస్తే నాలుగు. మీకు రెండు, నాకొకటి, ఆఫీసరుకొకటి."

"మరి ఆవిడకి?"

ఇందుప్రియ కిటికీ వైపు చూడలేదు.

"ఏ ఆవిడ?" అంది.

ఎంత మామూలుగా అందంటే త్రినాథ్‌కి ధైర్యం వచ్చింది. ఆఫీసరు అడిగినా తడబడదు. అవతల ఆవిడ ఇంకా గట్టు మీద మోచేతులు ఆనించి, తిన్నారో లేదో చూద్దామని నిలబడే ఉంది.

"తొమ్మిదిన్నరకల్లా బోండాలు అయిపోవాలి," అంది ఇందుప్రియ, శనగపిండి డబ్బా దింపుతూ. "పదింటికి కిటికీ మారుస్తారు. పదకొండింటికి పరదా కొనుక్కొద్దాం. పసుపుదే, గుర్తుందిగా?"