ల్యావ్ వంశానికి మూలపురుషుణ్ణి నేనే

ఇంటిపేరు మనిషికి పుట్టుకతో వస్తుందన్నది అపోహ. కలకత్తాలో అది మూడో అంతస్తులో, పదకొండో కిటికీ దగ్గర, భోజన విరామం తర్వాత వస్తుంది.

కలకత్తా చైనావాళ్ల పేట టాంగ్రాలో సాసులు తయారుచేసే ల్యావ్ మెయ్‌లిన్ గారికి ఈ సంగతి అరవై ఏడో ఏట తెలిసింది. దుకాణం బోర్డు మీద ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లు ఆ పేరు ఎక్కడ పుట్టిందో నెలాఖరులోగా నిరూపించాలని ఇంటిపేర్ల మూలనిర్ధారణ విభాగం ఉత్తర్వు వేసింది. లేకపోతే బోర్డు దించాలి. అది ఆమె తాత చేత్తో చెక్కిన బోర్డు.

ఆమె వంశావళి పుస్తకం పట్టుకెళ్లారు. ఇరవై రెండు తరాలు, ఎవరు ఏ ఊరు వదిలి ఏ ఊరు చేరారో సహా. పదకొండో కిటికీలో కూర్చునే దుర్గారావు (ఖిదిర్‌పూర్ తెలుగువాడు) దాన్ని కళ్లకద్దుకుని పక్కన పెట్టేశాడు. తొమ్మిదో నిబంధన ప్రకారం ఆధారం రాజ్యాంగం గుర్తించిన భాషలో ఉండాలి. ఆ జాబితాలో చైనీస్ లేదు. తెలుగు ఉంది.

తెలుగులో ల్యావ్ వంశం మీద ఒకే ఒక్క గ్రంథం ఉంది. అది నాది.

‘హుగ్లీలో ఏడో శవం’, నలభై రెండు వారాల సీరియల్ (పాఠకులు ఇరవయ్యో వారానికే అలిసిపోయారు). విలన్‌కి ఇంటిపేరు కావాల్సి వచ్చి, బస్సు కిటికీలోంచి ఒక సాసు దుకాణం బోర్డు చూశాను. నా పరిశోధన అంతటితో ముగిసింది. ల్యావ్‌లు తొమ్మిది తరాల సముద్రపు దొంగలని రాసేశాను.

నన్ను నిపుణుడిగా పిలిపించారు.

“మా పెద్దమ్మ సదివి ఇనిపించింది గురువుగారూ. నాకు తెలుగు సదవడం రాదు గదండీ. పక్కా ఆధారం!” అన్నాడు దుర్గారావు.

“అది కల్పితం నాయనా.”

“అచ్చయిందా, లేదా?”

“అయింది.”

“మరింకేటి?”

“ఆఖరి వారంలో ఆ వంశాన్ని మొత్తం చంపేశాను.”

అంటే, రికార్డు ప్రకారం మెయ్‌లిన్ గారు లేరు. దుర్గారావు కంగారుపడలేదు. గ్రంథకర్త జీవించి ఉంటే (ఇది కూడా గుర్తింపు కార్డు చూసి నిర్ధారించారు) కిటికీ దగ్గరే సవరణ చేయవచ్చట. నిలబడే ఒక పేరా రాశాను: పడవలో ఒక పసిబిడ్డ బతికింది. నా రచనల్లో ఎవరికైనా పనికొచ్చిన మొదటి మలుపు అదే. ముద్ర పడింది. బోర్డు దక్కింది.

ధ్రువపత్రాన్ని ఆ బోర్డు కిందే వేలాడదీయాలి. మెయ్‌లిన్ గారు ఆ తెలుగు అక్షరాలను అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఏం రాశారు, దాదా?”

“మీ పెద్దలు సముద్రం మీద పేరు తెచ్చుకున్నారని.”

ఆమె పత్రాన్ని మళ్లీ నా చేతిలో పెట్టారు.

“మా తాత ఓడలో మూడు వారాలూ వాంతులు చేసుకుంటూ వచ్చాడు. అది కూడా రాసిపెట్టండి దాదా. మీరు రాస్తేనే కదా జరిగినట్టు.”