మామగారి కూతవేటు

అత్తగారి పుట్టినరోజుకి ఐస్‌క్రీం దుకాణం నడిపే అల్లుడి పథకం చిన్నదే. పొద్దున్నే మామిడిపండు ఐస్‌క్రీం పట్టుకెళ్ళి, ఆవిడ చేత ఒక్క చెంచా తినిపించాలి. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ అతని సరుకు ముట్టలేదు. "నీళ్ళు గడ్డకట్టించేవాడికి పిల్లనిచ్చాం" అని చాటుగా అన్న మాట అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

అత్తవారు కొత్తింట్లోకి మారారు. దారి కోసం మామగారికి ఫోన్ చేశాడు. ఆయన రేవులో పడవల్ని కేకేసి ఒడ్డుకు పిలిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

"బస్టాపు నుంచి ఎంత దూరం మామయ్యా? టాక్సీ మాట్లాడనా?"

"డబ్బు దండగ! కూతవేటు దూరం, నడిచొచ్చెయ్. కిలోమీటరు రాళ్ళు పాతకముందు మనవాళ్ళు అరుపుతోనే దూరం కొలిచారయ్యా. కోసు అనే పాత కొలత పుట్టింది కూడా అలాగే!"

అల్లుడు నడిచాడు. ఇళ్ళు అయిపోయి గోదాములు వచ్చాయి. ఎండ మాడు పగలగొడుతోంది, డబ్బా అడుగు నుంచి చుక్కలు కారుతున్నాయి. ఫోను చూస్తే జేబులో లేదు, దుకాణంలోనే మరిచాడు. కూతవేటు అన్నారు కదా, కూసి చూద్దామనుకున్నాడు.

"అత్తయ్యా! కారిపోతోంది! త్వరగా రండి!"

గోదాము పక్క మేడ మీది ఒక టైలరమ్మ కిటికీ తీసి, కారేది నెత్తురే అని తేల్చేసింది. ఆమె పెట్టిన గోలకి ఎక్కడో అంటుకుందనుకుని పక్కవాడు ఫైరాఫీసుకి ఫోన్ కొట్టాడు. గంట మోగించుకుంటూ ఎర్ర బండి దిగింది.

"మంటెక్కడ?" అన్నాడు ఆఫీసరు.

"మంట కాదండీ, ఐస్‌క్రీం."

ఆఫీసరు పళ్ళు కొరుకుతుండగానే ఎక్కడినుంచో ఒక గొంతు గోదాముల రేకులు అదరగొట్టింది. "అల్లుడూ! ఎక్కడున్నావయ్యా!"

"ఎవరది?"

"మా మామగారండీ. ఇల్లు కూతవేటే."

ఆఫీసరుకి నవ్వాగలేదు. బండెక్కించుకున్నాడు. డ్రైవరు కూడలి కూడలికీ ఆగి, ఆ కేక వచ్చిన వైపు తిప్పాడు. ఇల్లు చేరేసరికి మీటరు మూడు కిలోమీటర్లు చూపించింది.

"పిల్లాణ్ణి మూడు కిలోమీటర్లు ఎండలో నడవమన్నారా!" అని అత్తగారు మొగుడి మీద విరుచుకుపడింది. అల్లుణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి డబ్బా మూత తీసింది. లోపల పాలూ పండూ కలిసిన చిక్కటి నీళ్ళు. అల్లుడు తల దించుకున్నాడు.

ఆవిడ గ్లాసులోకి వంచుకుని, గటగటా తాగేసి, ఇంకో గ్లాసు వంచుకుంది.

"అమృతంలా ఉందయ్యా! చల్లటిది తగిలితే నాకు పళ్ళు జివ్వుమంటాయి. చెప్పుకోడానికి సిగ్గేసి తినలేదు. ఇకమీదట ఇలా కరిగించే తీసుకురా."

అల్లుడికి కడుపు నిండిపోయింది. ప్రతి ఆదివారం తీసుకెళ్తున్నాడు, నడిచే. కానీ ఇంకెవరైనా కూతవేటు దూరమంటే మాత్రం, ఎవరి గొంతుతో అని అడక్కుండా గడప దాటడు.