సీసాల ఉద్యోగం

నా పేరు ఉరుకుందు. కర్నూలులో ఒక ప్రయోగశాలలో అటెండరుని. అనుమానాస్పదంగా చనిపోయినవాళ్ళ కడుపు ముక్కలు శవపరీక్ష గదుల నుంచి సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని తెరిచి, కోసి, తూచి దావీదురాజు సారుకు అందించాలి. అందులో విషం ఉందో లేదో ఆయన తేలుస్తారు. సైన్సులో ఇంతకంటే రోత పని ఉంటే చెప్పండి, రేపే మారిపోతాను.

పెళ్ళిచూపుల్లో మాత్రం "కంప్యూటరు ముందర కూర్చుంటాను" అన్నాను. పూర్తి అబద్ధమేమీ కాదు. ఆ బల్ల మీదే టిఫిను తింటాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎనిమిది నెలలు రోజూ బస్టాండు దగ్గర స్నానం చేసి, అత్తరు పూసుకుని ఇల్లు చేరాను. అయినా నా భార్య శివకుమారి ముక్కు ఊరుకోలేదు.

"ఏమయ్యా, ఏం వాసనది?"

"మిషను వేడెక్కి వైర్లు కాలినాయి."

"చచ్చిన వైర్లా?"

ఒక మంగళవారం రబ్బరు తొడుగులతో సీసాలోంచి ముక్క తీస్తుంటే, గుమ్మంలో శివకుమారి. దాక్కుందామంటే చేతిలో ఎవరిదో కాలేయం.

ఆమె నావైపు చూడనైనా లేదు. సారుకు ఒక కాగితం చూపింది.

"సార్, మా తమ్ముడు సోమన్న సీసా మీ కాడికొచ్చి ఏడాదిన్నరాయె. రిపోర్టు రాల్యా. వాని పెండ్లాము భీమక్కే అన్నంలో మందు కలిపిందని ఊరంతా అంటాండారు. బిడ్డను గూడా మా నాయన లాక్కున్యాడు."

"నా ఉద్యోగం నీకు తెలుసా?" అన్నాను.

"తెలిసే ఒప్పుకుంటి. నాలుగు సంబంధాలొస్తే ఈ ల్యాబులో పనిచేసేటోనివి నువ్వొక్కనివే. నీ మొగం చూసి ఒప్పుకుంటి అనుకుంటివా?"

మాస్కు వెనక సారు దగ్గారు.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వే నిజం చెప్తావని చూస్తి. మొన్న భీమక్క బాయి గట్టున ఒక్కతే కూచోనుండె. ఇంగ నీ సిగ్గు తీరేదాకా ఆగలేకపోతి."

సీసా వెనకగది బీరువాలో దొరికింది. చీటీ సగం ఊడి, వేరే వరసలో కలిసిపోయింది. తెరవాల్సింది నేనే. మా పెళ్ళికి ముందే పోయిన బావమరిదిని నేను చూడటం అదే మొదటిసారి. పదేళ్ళ సర్వీసులో ఎన్నడూ లేనిది, మూత తిప్పే ముందు చెప్పులు విప్పాను.

విషం లేదు. ఏ రకమూ లేదు. శవపరీక్ష చేసిన డాక్టరు ఆ రిపోర్టు చూసి, గుండె ఆగి పోయాడని రాశాడు.

మామగారు బిడ్డను తానే ఎత్తుకొచ్చి భీమక్క ఒళ్ళో పెట్టాడు. తప్పయిందని అనలేదు. ఆమె వడ్డించిన అన్నం మాత్రం తలెత్తకుండా తిన్నాడు.

మేం ఇల్లు చేరాక శివకుమారి వాకిట్లో కూర్చుంది.

"నువ్వే గదా తెరిచింది. మావోడు ఎట్లుండె?"

"హాయిగా నిద్రపోయినట్టుండె" అన్నాను.

"సీసాలోనా?"

ఆమె ఫక్కున నవ్వింది. ఆపుకోలేక నవ్వుతూ, నవ్వుతూనే ఏడ్చేసింది. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆమె ఏడవడం అదే మొదలట.