పచ్చిపులుసు కోసం పరశురాములు చేసిన దండయాత్ర

రోళ్ళు పగిలే రోహిణికార్తెయందు ఏడవ దినమున, మానేరు గట్టు మీది కొంగలు సైతము నీడ వెదకుకొనుచున్న వేళ, కోచింగు సెంటర్లకును కంటి ఆసుపత్రులకును నిలయమై వీధికి రెండు చొప్పున బిర్యానీ ధ్వజములతో విరాజిల్లు కరీంనగర మహాపట్టణమును ముట్టడింప, హుజూరాబాద్ పరిసర గ్రామవాస్తవ్యుడు, షార్జానగర ప్రత్యాగతుడు, చతుర్వర్షప్రవాసఖిన్నుడు, నలువది దినముల సెలవులో ఇరువదియారు దినములు పోగొట్టుకొన్నవాడు నగు పరశురాములు, బామ్మర్ది సుధాకర్ సారథ్యము వహించిన ద్విచక్రరథము వెనుక సీటున కూర్చుండి బయలుదేరెను. ట్యాంకులో పెట్రోలు సగముండెను.

ఓ ఆకలితల్లీ! రాజ్యముల కొరకును రత్నముల కొరకును జరిగిన పోరులను పాడుటకు గొప్పవారున్నారు, వానిని వారికే వదలుము. గిన్నెడు పచ్చిపులుసు కొరకు ఒక గృహస్థుడు పడిన పాట్లను పాడుటకు నా నాలుక చాలును. దానికి కొంచెము పులుపు తగిలించుము, అంతకన్న అడుగను.

యుద్ధకారణము చెప్పక యుద్ధములో దూకుట మాకు అలవాటు లేదు. షార్జాలో పరశురాములు ఒక మండి హోటలున పనిచేసెను. మండి యనగా బండిచక్రమంత పల్లెమున గుట్టగా పోసిన మాంసాన్నము. ఆ పల్లెములను నాలుగేండ్లు వాడు మోసెను, కడిగెను, తుడిచి పేర్చెను. తిన్నది మాత్రము ఎండిన ఖుబ్బూస్ రొట్టెయు నీళ్ళపప్పును. అయితే ప్రతి సాయంకాలము ఫోనులో భార్య కోమల "ఏం తిన్నవ్?" అని అడుగునప్పుడు, ఆమెకు రంది పెట్టనేల యని తలచి "మండి తిన్న, మస్తున్నది" అని చెప్పుచుండెను. పుణ్యానికి పోతే పాపం ఎదురైనదన్న సామెత ఊరకే పుట్టలేదు. కోమల ఆ మాటను గుండెలో దాచుకొని, యూట్యూబును గురువుగా వరించి, ఆరునెలలు సాధనచేసి మండివిద్యలో ఆరితేరెను.

తత్ఫలితముగా వీరుడు విమానము దిగిన దినము మొదలు ఇంట మండి. పిలిచిన మేనత్త ఇంట మండి, చిన్నాయన ఇంట మండి. షార్జా నుండి వచ్చినను అబుదాబి నుండి వచ్చినను మా దిక్కున దుబాయివాడే. దుబాయివానికి దుబాయి కూడు పెట్టుటే మర్యాద. మర్యాద అను మహాస్త్రమునకు విరుగుడు ఇంతవరకు ఎవరును కనిపెట్టలేదు.

పందొమ్మిదవ దినమున ఘోరము జరిగెను. ముందరి గదిలో పల్లెము ముందు కూర్చున్న వీరుని నాసికకు, వంటింటి నుండి కాల్చిన పచ్చిమిరపకాయ, నలిపిన ఉల్లిగడ్డ, పిసికిన చింతపండు, వీని త్రివేణీసంగమ పరిమళము తగిలెను. తల్లి కిష్టవ్వ గిన్నె చేత పట్టుకొని గడప దాటుచుండెను.

"అవ్వా, గదేంది?"

"పచ్చిపులుసు బిడ్డా. ఎండలకు నోటికి గింత పుల్లగుంటదని పిసికిన. గది మా అసుంటోల్లు తినేది, నీకెందుకు? నువ్వు మండి తిను, సల్లారుతది."

మా అసుంటోల్లు! ఆ రెండు మాటలతో పుట్టి పెరిగిన ఇంటిలో పరశురాములు చుట్టమైపోయెను. నోరు తెరచి అడుగవచ్చును గదా అని పాఠకులు అందురు. ఎదుట కోమల నుదుట చెమట కొంగుతో తుడుచుకొనుచు "మంచిగున్నదా?" అని కన్నులు విప్పార్చుకొని నిలుచుండగా మీరైనను ఏమందురు? వాడును "మస్తున్నది" అనెను. ఆనాటి నుండి వానికి నిద్ర సరిగా లేదు. సెలవు తీరులోపల పచ్చిపులుసు రుచి చూడక విమానమెక్కనని శపథముచేసి, ఆధార్ కార్డులో ఫోను నంబరు మార్పించుకొందునని ఇంట చెప్పి, పట్టణము దారి పట్టెను.

సారథి మొదట రథము నాపిన చోటు మండి మందిరము.

"బావా, నీకోసమే తెచ్చిన గీడికి. మంచిగ తినిపియ్యుమని అక్క మరీ మరీ చెప్పింది."

అప్పుడు పరశురాముని హృదయకుహరమున సింహనాదమొకటి పుట్టి, "ఓరీ సారథీ! ఏ పల్లెముల భారముచే నా భుజములు వంగెనో, ఏ పల్లెముల జిడ్డుచే నా వ్రేళ్ళు పగిలెనో, ఆ పల్లెముల ముందే నన్ను మరల కూర్చుండబెట్టుదువా? తొలగించుము నీ రథము!" అని మూడు లోకములు మారుమ్రోగునట్లు గర్జించెను. నోటి నుండి వెలువడినది మాత్రము ఇది:

"సుధాకరా, నాకు ఆకలైతలేదు."

సుధాకర్‌కు ఆకలియుండెను. నలుగురికి సరిపోవు పల్లెమును ఆ మహాబలుడు ఒంటరిగా ఎదుర్కొని, ఎముకలు తప్ప శేషము లేకుండ సంహరించెను. పల్లెము ఖాళీ యగుటయే తడవు, పరశురాములు తనకు తెలియకయే లేచి, దానిని రెండు చేతుల నెత్తి, వంటగది వైపు నాలుగడుగులు వేసెను. సర్వరు పరుగున వచ్చి "సార్, సార్" అని పల్లెము గుంజుకొనెను. వీరుడు సిగ్గుపడి చేతులు కడుగుకొనెను, తినకున్నను.

బయటకు వచ్చి రహస్యము విప్పెను. "సుధాకరా, నాకు పచ్చిపులుసు కావాలె. మన ఇంట్ల చేసినట్టుంటది సూడు, గసోంటిది."

"గింతేనా బావా? ఫికర్ జెయ్యకు, ఫోన్ల కొడ్త." సారథి ఫోను తెరచెను. "అసలైన తెలంగాణ రుచులు, నాలుగున్నర చుక్కలు. దగ్గర్నే ఉన్నది."

రెండవ రణరంగము పేరు పల్లె దర్బారు. ద్వారమున తలపాగ చుట్టి మీసము మెలివేసిన కావలివాడు చేతులు జోడించెను. లోపల గోడకు ఎడ్లబండి చక్రము, కప్పునకు చేటలు, మూలన ఎన్నడును ధాన్యమెరుగని గుమ్మి. మంచుపర్వతము వలె చల్లనైన ఆ సభామంటపమున చెక్కబల్ల మీద దించబడిన దానిని యథాతథముగా వర్ణించెదను: జొన్నరొట్టె త్రికోణములుగా కోయబడి, నడుమ తెల్లని మయోనైజు ముద్ద, పక్కన బొటనవ్రేలంత గాజుగ్లాసులో పచ్చిపులుసు, దాని అంచున కాగితపు గొడుగు.

పరశురాములు గొడుగును తీసి జాగ్రత్తగా పక్కన పెట్టెను. అందు వాన పడు సూచనలు లేవు. ఒక్క గుక్క త్రాగెను. తియ్యగానుండెను. చింతపండు తల్లి కడుపున చక్కెర పుట్టెను. "ఎట్లున్నది బావా?" అని సుధాకర్ అడుగగా, వీరుడు గొడుగును మరల గ్లాసు అంచున నిలిపెను.

"సల్లగున్నది," అనెను.

ఓటమి మీద ఓటమి. ఎండ నడినెత్తికెక్కెను. పరాక్రమము ముగిసిన చోట వృత్తిజ్ఞానము అక్కరకు వచ్చునని పెద్దలందురు, అనకపోయినచో నేననుచున్నాను. హోటలులో పనిచేయువారు ఆ హోటలు తిండి తినరు. ఈ పరమరహస్యము నాలుగేండ్లు పల్లెములు కడిగినవానికి గాక మరెవ్వరికి తెలియును? బయటకు వచ్చి తలపాగ కావలివాని చెవిదగ్గర వంగి పరశురాములు అడిగెను.

"అన్నా, నువ్వు బువ్వ యాడ తింటవే?"

హనుమంతు అను ఆ కావలివాడు ఇటునటు చూచి, మీసము దించి, "మార్కెట్ యార్డు ఎనుక రేకుల షెడ్డు. సక్కుబాయి. బోర్డు గీర్డు ఉండదు. జల్ది పోండ్రి, అయిపోతది" అనెను.

సక్కుబాయి ఆదిలాబాద్ దిక్కు మనిషి. మరాఠీ కలిపి మాట్లాడును. పొయ్యి ముందు చేతితో తట్టుచు జొన్నరొట్టెలు కాల్చుచుండగా, ధాన్యపు బస్తాలు మోసి వచ్చిన హమాలీలు గోనెసంచుల మీద బారుగా కూర్చుండి తినుచుండిరి. గిన్నెలో ముద్దపప్పు. సత్తు బొగిణెలో, ఓ పాఠకులారా, పచ్చిపులుసు! మీద ఉల్లిగడ్డ ముక్కలు తేలుచుండెను.

సక్కుబాయి తలయెత్తి వాని నల్లకళ్ళద్దములను, బంగారు రంగు గడియారమును చూచెను, అత్తరు వాసన పీల్చెను.

"సారూ, మీ అసుంటోల్లకు గీడ కాదు. గా రోడ్డెక్కుండ్రి, మండి హోటలున్నది. మంచిగుంటది."

ఇంతకన్న వాడియైన బాణము ఆ దినమున తగులలేదు. ఇంట చుట్టమైనవాడు రేకుల షెడ్డులోను చుట్టమయ్యెను. సుధాకర్ రథము స్టార్టు చేయబోయెను. పరశురాములు కళ్ళద్దములు తీసి జేబులో వేసి, ఇద్దరు హమాలీల నడుమ గోనెసంచి మీద బాసింపట్టు వేసుకొని కూర్చుండెను. బుట్టలోని ఉల్లిగడ్డ నొకదానిని ఏరి, నేల మీది పీట పైన నిలిపి, కుడిచేతి పిడికిలి బిగించి, ఊపిరి బిగబట్టి, పిడుగు పడినట్లు ఒక్కటే గుద్దు గుద్దెను. ఉల్లిగడ్డ నాలుగు చెక్కలాయెను. నమలుచున్న హమాలీలు నమలుట ఆపిరి.

సక్కుబాయి పల్లెము తెచ్చి, రొట్టె వేసి, పప్పు పెట్టి, పులుసు పోసెను. పరశురాములు రొట్టె తుంచి, ముంచి, నోట పెట్టుకొనెను. కన్నీరు కారెను. అది ఉల్లిగడ్డ ఘాటని చెప్పవచ్చును గాని, అబద్ధమెందుకు, వాడు ఏడ్చెను.

"కాయ్ రే భావూ," అనెను సక్కుబాయి, తమ్ముని పిలిచినట్లు. "పెండ్లాం లేదా?"

"ఉన్నది."

"ఆమెకు పులుసు పిస్కరాదా?"

"మస్తు పిస్కుతది. మా అవ్వకంటె మంచిగ పిస్కుతది."

"మరి గీడికెందుకొచ్చినవ్?"

పరశురాములు మొత్తము చెప్పెను. ఫోనులో ఆడిన అబద్ధము, ఇరువదియారు దినములు, నుదుటి చెమట, అన్నియు. సక్కుబాయి రొట్టె తిరగవేయుచు వినెను. వాడు రెండవ రొట్టెకై పల్లెము చాచగా ఆమె చేయి అడ్డము పెట్టెను.

"పెట్ట. ఆకలైనోనికి పెడ్త గాని, నోరుండి అడగనోనికి పెట్ట. నువ్వు జెప్పకపోతె ఆమెకెట్ల ఎర్కైతది? పో, ఇంట్ల అడుగు."

హమాలీలందరు తలలూపిరి. బావాబామ్మర్దులు తిరుగుదారి పట్టిరి. ఆధార్ సంగతి ఇద్దరును మరచిరి.

అసలు యుద్ధము ఇంట కాచుకొనియుండెను. పొద్దు గూకువేళకు కోమల పొయ్యి దగ్గర నిలిచి, పాలలో నానవేసిన కుంకుమపువ్వును మండి మీద చల్లుచుండెను. కిష్టవ్వ గడపలో కూర్చుండి చింతకాయలు కొట్టుచుండెను. పరశురాములు వంటింటి ద్వారబంధమునకు చేయి ఆనించి, నాలుగేండ్ల మౌనమును పునాదులతో పెకలించి, ధీరగంభీరస్వరమున పలికెను:

"కోమలా, నాకు మండి అద్దు."

కుంకుమపువ్వు చల్లుచున్న చేయి ఆగెను.

"షార్జల నేను ఒక్కనాడు గూడ మండి తినలే. పల్లేలు మోసిన, కడిగిన. తిన్నది ఖుబ్బూస్, పప్పు. నువ్వు రంది పెట్టుకుంటవని అబద్ధమాడిన. నాకు పచ్చిపులుసు కావాలె. మీరు తినేదే నాకు గావాలె."

కిష్టవ్వ సుత్తె కింద పెట్టెను. కోమల ఏడ్చునని వాడు భయపడెను; ఆమె ఏడువలేదు, అది మరింత భయంకరముగానుండెను.

"ఇర్వయ్యారు దినాలు," అనెను కోమల. "గీ ఎండలల్ల, గీ పొయ్యికాడ. గా మసాల వాసనకు నాకే కడుపుల తిప్పుతుండె. నువ్వు ఖుష్ అయితవని ఊకున్న. గిప్పుడు జెప్తవా? నోట్లె నాలికె లేకుండెనా?"

"ఉండె."

"ఉండెనట!" అని మూత ధణాలున వేసి, ఆ మండి మొత్తమును సుధాకర్ ముందు పెట్టి, గదిలోకి పోయెను. సుధాకర్ ఆ దినమున రెండవమారు విజయము సాధించెను. పరశురాముని ఎవ్వరును భోజనమునకు పిలువలేదు. మజ్జిగ త్రాగి పండుకొనెను.

తెల్లవారెను. కోమల వాకిలి ఊడ్చుచుండెను. చీపురు చప్పుడు బట్టి కోపము పూర్తిగా తగ్గలేదని తెలియుచుండెను. లేచి వచ్చిన భర్త వైపు తలయెత్తకయే అనెను:

"ఏమయ్యో, గిన్నెల రాత్రి సద్ది ఉన్నది. బొగిణెల పులుసున్నది. ఏసుకొని తిను. నీల్లు నువ్వే ముంచుకో, నాకు పనున్నది."

సద్ది! చుట్టమునకు రాత్రి అన్నమెవ్వరు పెట్టుదురు? చుట్టమును నీళ్ళు నువ్వే ముంచుకొమ్మని ఎవ్వరందురు? ఇరువదియేడవ దినమున, అష్టదిక్కుల కోళ్ళు కూయుచుండగా, దుబాయివాడను బిరుదు నేలరాలగా, చెంబెడు నీళ్ళు స్వహస్తమున ముంచుకొని, పరశురాములు వంటింటిలో గచ్చు మీద కూర్చుండి, సద్దిలో పచ్చిపులుసు పోసికొని, పిసికి, ముద్ద నోట పెట్టుకొనెను.

"కోమలా! ఉప్పు తక్కువైందే!" అని ఇల్లదరునట్లు అరచెను.

"ఏసుకో! చేతుల్లేవా?" అని వాకిటి నుండి జవాబు వచ్చెను.

జయము, జయము! లోకములారా వినుడు, వీరుడు ఉప్పు వేసికొనెను. డబ్బా ఎక్కడున్నదని వాడు ఎవ్వరిని అడుగలేదు.