అత్తగారి ఎర్రర్ మెసేజీలు

సోమవారం పొద్దున పదింటికి డెమో. అది గట్టెక్కితే ఫణి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే అమెరికాలోని అల్ఫారెట్టాలో ఇల్లు ఖాళీ చేసి, వీసా గడువులోగా కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి. అతను పైథాన్‌లో రాసిన ఇన్సూరెన్స్ ఫారం, ఎవరు ఏ తప్పు నింపినా అక్కడే ఆగిపోయి, "ఎర్రర్ వచ్చింది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. ఏ తప్పుకి ఆ తప్పు విడమరిచి చెప్పే మెసేజీలు కావాలంది మేనేజర్ లిండా.

తప్పులు విడమరచడంలో ఫణికి తెలిసిన నిపుణురాలు నాలుగు నెలల కిందట వచ్చిన అత్తగారు రాజేశ్వరమ్మ. ఆవిడ అల్లుణ్ణి "మీరు" అనకుండా మాట్లాడదు, తప్పు చూపకుండా ఊరుకోదు. డెమో తర్వాతి శనివారం ఆవిడ తిరుగు ప్రయాణమన్న సంతోషంలో ఫణి, టెస్టింగ్ కోసం, ఆవిడ ధోరణిలోనే మొదటి కొన్ని మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో పెట్టాడు. డెమోకి ముందు మార్చేద్దామనుకున్నాడు. తీరా సోమవారం పొద్దున ఆవిడ అతని చొక్కా గుండీ దగ్గర్నుంచి క్యారేజీ మూత దాకా తప్పులు చూపించేసరికి ఆ సంగతే మరిచిపోయాడు.

డెమోలో లిండా కావాలనే పుట్టిన సంవత్సరం తప్పు వేసింది. తెర మీద మెసేజీ వచ్చింది: "పుట్టిన తేదీ వచ్చే ఏడాదిది వేశారు, పురుడు పోసేదాకా ఆగమంటారా బాబూ?"

ఇదేమిటని లిండా అడిగితే, తేదీ సరిచూసుకోమని మర్యాదగా చెప్పడమేనన్నాడు ఫణి. ఆ కాస్త అర్థానికి ఇంత పొడుగు వాక్యమా అని లిండాకి అనుమానం వచ్చింది. ఈసారి పేరు రాయకుండా వదిలేసింది. "పేరు రాయకపోతే మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అంది తెర. ఇదీ మర్యాదేనన్నాడు. లిండా పక్క టీమ్‌లోని తెలుగమ్మాయి జయంతిని పిలిపించింది.

జయంతి చదివి పెదవి కొరుక్కుంది. "ఉన్నదున్నట్టు ట్రాన్స్‌లేట్ చేసెయ్యనా ఫణిగారూ?"

"చేసెయ్యండి. ఇంకో అబద్ధమాడే ఓపిక లేదు."

అంతా విని లిండా పగలబడి నవ్వింది. తను చేసిన తప్పేమిటో ఒక ప్రోగ్రామ్ ఇంత స్పష్టంగా చెప్పడం ఇదే మొదటిసారంది. కాంట్రాక్టు పొడిగించింది. ఇవే ఇంగ్లీషులో పెట్టమని, మిగతా నూట ఇరవై కూడా ఆ మాటలు ఎవరివో వారినే అడిగి రాయమని ఆజ్ఞాపించింది.

సాయంత్రం ఫణి అత్తగారి ప్రయాణం రెండు నెలలు వాయిదా వేయించి, ఆ సంగతి ఆవిడకి చెప్పాడు.

"టికెట్ మార్చేశాక చెబుతున్నారు, ముందు నన్నడగాలని తోచలేదా బాబూ?"

ఫణి దాన్ని నూట ఇరవై ఒకటో మెసేజీగా రాసుకున్నాడు.