కోతలు లేని వీధిలో హోమ్ థియేటర్

"నేటి నుంచి కరెంటు కోత అనేది ఉండదు. ఉన్నట్టు ఎవరికైనా అనిపిస్తే అది వారి వ్యక్తిగత అభిప్రాయం. ఇళ్లలో యూపీఎస్‌లు, స్టెబిలైజర్లు పెట్టుకోవడం మన సరఫరాను అవమానించడమే" అని విద్యుత్ మంత్రి గారు సోమవారం ఉదయం ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి.

ఆ ప్రకటన రాసిన మహానుభావుడు విద్యుత్ శాఖ ప్రచార అధికారి. పేపర్లో వచ్చిన ఫిర్యాదుకు మధ్యాహ్నం భోజనంలోపు ఖండన రాసి పారేయగల దిట్ట కాబట్టి ఆఫీసులో ఆయన్ని ఖండనరావు గారంటారు. యూపీఎస్‌ల సంగతి మంత్రి గారు రాయమనలేదు. కలం ఊపు మీదుండి రాసేసింది.

చిక్కేమిటంటే ఆ సాయంత్రమే ఆయన ఇంటికి హోమ్ థియేటర్ వచ్చింది. పదేళ్ల కోరిక. గోడంత తెర, ఐదు స్పీకర్లు, వాటికో యాంప్లిఫయర్. బిగించడానికి వచ్చిన మెకానిక్ ప్లగ్గు చూసి పెదవి విరిచాడు.

"సర్జ్ ప్రొటెక్టర్, యూపీఎస్ లేకుండా ఇది ఆన్ చేయకండి సార్. కరెంటు పోయినప్పుడు ఏం కాదు. వచ్చేటప్పుడు ఎగిరొస్తుంది. ఆ దెబ్బకి మాడిపోతుంది."

"కరెంటు పోదు కదా" అన్నారు ఖండనరావు గారు, అలవాటుగా.

"తమరుండేది ఈ ఇంట్లోనేనా సార్?" అని మెకానిక్ మర్యాదగా అడిగాడు.

ఆయన గుట్టుచప్పుడు కాకుండా రెండూ పెట్టించుకున్నారు. యూపీఎస్ మీద గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టారు. తను రాసింది తనే నమ్మేంత అమాయకుడు కాదాయన. కానీ నోరు ఊరుకోక హోమ్ థియేటర్ గురించి ఆఫీసంతా చెప్పుకున్నారు. ఆ మాట మంత్రి గారి చెవిన పడింది.

"ఆదివారం మూడింటికి మీ ఇంటికొస్తానయ్యా. పెద్ద తెర మీద నా ప్రసంగం ఎలా ఉందో చూద్దాం."

 ఖండనరావు గారి వీధిలో రోజూ కరెంటు తీసేది సరిగ్గా మూడింటికే. ఆయన సబ్‌స్టేషన్ ఇంజనీరు దగ్గరికి పరుగెత్తారు.

"ఆదివారం మా వీధిలో తీయకండి."

"తీయడమేంటండీ? కోతలు లేవుగా."

"లేవనుకోండి. మూడింటికి తీస్తున్నది మాత్రం తీయకండి."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి. మీ సంతకం ఉంటే ఇప్పుడే ఆపేస్తాను. నోటిమాట మీద, లేని కోతని ఎలా ఆపమంటారు?"

ఖండనరావు గారు పెన్ను మూత తీశారు. ఆలోచించి మళ్లీ పెట్టేశారు.

ఆదివారం ఉదయం యూపీఎస్, ప్రొటెక్టర్ రెండూ పీకి అటకెక్కించారు. మంత్రి గారి కంటపడితే ఇంకేమైనా ఉందా?

"సెట్టు పోతే?" అన్నారు భార్య.

"ఉద్యోగం పోయేకంటే నయం" అన్నారాయన.

మందపాటి కర్టెన్లు వేసిన గదిలో మంత్రి గారు సోఫాలో ఆసీనులయ్యారు. తెర మీది మంత్రి గారు వేలెత్తి "కరెంటు కోత అనేది" అన్నారో లేదో, గది చీకటైపోయింది. ఫ్యాను కూడా ఆగింది. కరెంటు పోయిందని ఎవరూ అనలేదు. అనగలిగినవాళ్లు ఆ గదిలో లేరు.

ఖండనరావు గారు ప్లగ్గు వైపు పాకారు. ఇప్పుడు పీకేస్తే సెట్టు బతుకుతుంది.

"తెరకి అడ్డం రాకయ్యా" అన్నారు మంత్రి గారు చీకట్లోంచి.

ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నారు.

"బాగా మాట్లాడాను కదూ?"

"అద్భుతం సార్."

పావుగంట అలాగే చూశారు. మధ్యలో ఒకచోట మంత్రి గారు చప్పట్లు కొట్టారు. ఖండనరావు గారు చెమటలు కక్కుతూ ఇంకాస్త గట్టిగా కొట్టారు. అప్పుడు కరెంటు ఎగిరొచ్చింది. టప్పుమంది. కాలిన వాసన కొట్టింది. ఫ్యాను తిరిగింది గానీ తెర వెలగలేదు.

"ముగింపు బాగుంది" అని మంత్రి గారు లేచి వెళ్లారు.

ఖండనరావు గారు యాంప్లిఫయర్ పక్కన చతికిలబడ్డారు. పదేళ్లు కలలుగన్నదాన్ని ఆరు రోజులు కంటికి రెప్పలా చూసుకుని, చేజేతులా కాల్చుకున్నారు. ఏడుపొచ్చింది, ఏడ్చారు.

భార్య ఊరుకోలేదు. ఆయన వద్దన్నా వినకుండా, కరెంటు ఎగిరొచ్చి సెట్టు కాలిందని తన పేరున విద్యుత్ శాఖకు ఫిర్యాదు పెట్టారు. పది రోజులకు జవాబు వచ్చింది. ఆయన ముందే కూర్చుని పైకి చదివారు.

"'ఆదివారం మీ వీధిలో కరెంటు పోలేదు. పోని కరెంటు తిరిగి వచ్చే అవకాశం లేదు. కనుక మీరు పేర్కొన్న సెట్టు అసలు మీ ఇంట్లో ఉన్నదీ లేనిదీ మరొకసారి సరిచూసుకోగలరు.'"

కాగితం తిప్పి చూశారు.

"ఏమండీ, ఈ సంతకం మీదేగా?"

"నాదే."

"మరి సరిచూసుకోమన్నారుగా. వెళ్లి చూడండి."

ఖండనరావు గారు లేచి ముందు గదిలోకి వెళ్లారు. మాడిన సెట్టు ముందు చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"లేదు" అన్నారు.